ఒక్క క్షణం వెనక వచ్చే గొంతు

మా ఆయన చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్తానని దేవునికి మాట ఇచ్చాడు. ఇచ్చింది దవాఖాన మంచం మీద. దౌల్తాబాద్‌లో ఒక పెండ్లికి మైక్ సెట్ కట్టడానికి పోయి, స్తంభం మీద కరెంటు కొట్టి కిందపడ్డాడు. బతుకుతాడని డాక్టరు కూడా అనలేదు. బతికాడు. మా చర్చిలో అట్లా బయటపడ్డవాళ్లు ఆదివారం ఆరాధన మధ్యలో లేచి, జరిగింది జరిగినట్టు తమ నోటితోనే చెప్పాలి. మిగతావాళ్లకు అది పెద్ద పని కాదు. జ్వరం తగ్గినా, తప్పిపోయిన బర్రె దొరికినా లేచి చెప్పేస్తారు. మా ఆయనకు మాత్రం అది స్తంభం ఎక్కడం కంటే కష్టం. ఆయనకు నత్తి.

ఆ నత్తి కూడా మాట మధ్యలో తట్టుకునేది కాదు. మొదటి అక్షరం దగ్గరే గొంతు బిగిసిపోయేది. మెడ నరాలు లేచేవి, కండ్లు మూసుకునేవి, ఎదుటివాళ్లు తల పక్కకు తిప్పుకునేవారు. మైక్ సెట్లు కిరాయికి ఇచ్చే మనిషి జీవితంలో మైక్ ముందు నోరు విప్పలేదు. పని చేస్తుందో లేదో చూడడానికి వేలితో తట్టేవాడు, అంతే. బజారులో టెంట్ హౌస్ వాళ్లు, "ఊరందరికీ గొంతు కిరాయికిస్తడు, ఆయనకే ఒక్కటి మిగలకపాయె" అని నవ్వేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు. నవ్వుకు నత్తి లేదు కదా.

మాట్లాడే పని నాది. ఆటో మీద రెండు హారన్లు కట్టుకుని సిద్దిపేట గల్లీలన్నీ తిరిగేవాళ్లం. కొత్త బట్టల దుకాణం తెరిచారని, సర్కస్ వచ్చిందని, కండ్ల డాక్టర్లు వస్తున్నారని నేను చెప్పేదాన్ని. నాకు చదువు రాని రోజుల్లో ఎవరైనా కాగితం చదివి వినిపిస్తే గుర్తు పెట్టుకునేదాన్ని. ముప్పయి దాటాక, పెద్దలకు పాఠం చెప్పే బడి మా వాడలో పెడితే పలక పట్టుకుని పోయాను. కాగితం నేనే చదువుకునే రోజు వచ్చింది. అప్పటి నుంచి కాగితం ఇచ్చేవాళ్ల మొహం చూడకుండా కాగితమే చూసి మాట్లాడేదాన్ని. అదొక గర్వం.

పాస్టరయ్య ప్రతి ఆదివారం ఒకటే అడిగేవాడు. "తమ్మీ, ఇయ్యాల చెప్తవా?"

మా ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

ఒకసారి నేను ఉండబట్టలేక ఇంటికి వచ్చాక అన్నాను. "నేను చెప్తా నీ తరఫున. నాకేం కష్టం? ఊరందరికీ చెప్పేదాన్ని, నీ సంగతి చెప్పనా?"

ఆయన చాలాసేపు గొంతుతో కొట్లాడి, "మొ... మొక్కింది న... నేను" అన్నాడు.

ఆ తర్వాత చర్చిలో వెనక బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. తర్వాత గుమ్మం బయట. ఇక ఒక ఆదివారం అసలు రాడేమో అని నా భయం.

మా ఇంటి పైగదిలో ఒక మేడం కిరాయికి ఉండేది. కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేది. కరీంనగర్ పిల్ల, వయసులో నాకంటే చిన్నది. పై చదువు కోసం ఏదో ప్రాజెక్టు చేస్తూ హైదరాబాద్ నుంచి ఒక కంప్యూటర్ తెప్పించుకుంది. సిద్దిపేటలో అప్పటికి కంప్యూటర్ అంటే కోచింగ్ సెంటర్ల అద్దాల వెనక కనిపించే వస్తువు. ఇది మా ఇంట్లోనే ఉంది, పైన, నవారు మంచం పక్కన. అది కూడా కొన్నాళ్లకు నా నెత్తిన పడింది. బస్టాండులో బస్సు దిగుతూ మేడం కిందపడి కుడి చేయి విరగ్గొట్టుకుంది. చేతికి కట్టు కట్టారు. కాలేజీకి ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు మాత్రం ఆగదు.

"అక్కా, నీకు ఇంగ్లీషు అక్షరాలు ఎరుకనేనా?" అని అడిగింది.

"పెద్దవి ఎరుక. చిన్నయి సగం."

"చాలు. నేను చెప్తా, నువ్వు కొట్టు."

ఆమె చేస్తున్నది ఏమిటో ఆమె చెప్పినట్టే రాస్తాను, నాకు ఎంత అర్థమైందో అంతే. మైక్‌లో మాట్లాడితే ఆ గొంతు కంప్యూటర్ లోపలికి పోవాలి. లోపల దాన్ని ఏమైనా చేసి, మళ్లీ బయటికి వినిపించాలి. ఎక్కడా ఆలస్యం కనపడకూడదు. గొంతును లోపలికి తీసుకునేది సౌండ్ కార్డ్ అనే ఆకుపచ్చ రేకు. ఆ రేకుతో నేరుగా మాట్లాడే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారు. కార్డుతో వచ్చిన డ్రైవర్ చాలా నెమ్మది, అందుకే మనమే సొంతంగా రాయాలి అంది.

"మైక్ల మాట్లాడితే హారన్ల వినపడతనే ఉన్నది గద మేడం. మధ్యల గీ కంప్యూటర్ ఎందుకు?"

మేడం ఎడమ చేత్తో కీబోర్డు నా వైపు జరిపింది. "మంచి ప్రశ్న అక్కా. ముందైతే కొట్టు" అంది.

కొట్టాను. ఒక వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. మీసాల్లాంటి గుర్తు తెరవాలి, పని అయ్యాక ఆ మీసాలే మూయాలి. ప్రతి వరుస చివర చుక్కా కామా ఒకదాని మీద ఒకటి పెట్టాలి. అవన్నీ ఎలాగో పట్టుకున్నాను. నన్ను నిజంగా పడగొట్టినవి మాత్రం అంకెలు. కార్డు లోపల ఒక్కో గదికి ఒక్కో నంబరు ఉందట. మేడం చెప్పింది, "రెండు రెండు సీ కొట్టు."

"అంకెలల్ల సీ ఎందుకొచ్చె?"

"సీ అంటే పన్నెండు."

"పన్నెండంటే ఒకటీ రెండూ గద?"

"గీడ ఏ అంటే పది, బీ అంటే పదకొండు. ఎఫ్ దాక పోతది, ఎఫ్ అంటే పదిహేను. ఒకటి సున్నా వేస్తే అది పదహారు."

నేను లేచి కిందికి వచ్చేశాను. నిజంగానే. అక్షరాలు వేరు, అంకెలు వేరు అని నాకు బడిలో నేర్పిన పంతులమ్మ ముఖం గుర్తొచ్చింది. ఎంత కష్టపడి వేరు చేసుకున్నాను వాటిని! సున్నాకూ అనుస్వారానికీ తేడా తెలియడానికే నాకు ఒక వానాకాలం పట్టింది. ఇప్పుడు ఒకటి సున్నా కలిస్తే పది కాదంటుంది. మా ఆయన కింద జాక్ పిన్నులకు టంకం పెడుతూ, ఏమైందన్నట్టు తల ఎగరేశాడు.

"మేడం చెయ్యి ఒక్కటే విరగలేదు, తల కూడ తాకినట్టుంది" అన్నాను.

మరుసటి సాయంత్రం మళ్లీ పోయాను. అర్థమైందని కాదు. అర్థం కాకుండా వదిలేస్తే అన్నం సయించలేదు.

మొదటిసారి ప్రోగ్రాం నడిపిన రోజు మేడం నా చేతికి మైక్ ఇచ్చి, హెడ్‌ఫోన్ పెట్టింది. నేను "హలో" అన్నాను. చెవిలో "హలో" వినిపించింది. ఆ తర్వాత ఏమన్నా ఏమీ లేదు. మళ్లీ నడిపితే మళ్లీ ఒక్క ముక్క, తర్వాత చెవిటి నిశ్శబ్దం. రెండు సాయంత్రాలు అలాగే పోయాయి. చివరికి మేడం నేను కొట్టిందాన్ని వరుసగా చదువుతూ ఒక చోట ఆగింది.

"అక్కా, గీడ ఒక వరుస ఇడిసిపెట్టినవ్. కార్డు పిలిచినప్పుడు, 'విన్న' అని చెప్పాలె. నువ్వు విన్నట్టు చెప్పకపోతే అది మళ్ల పిలువది. మూతి ముడుచుకొని కూసుంటది."

పిలవడం అంటే ఏమిటో మేడం నల్లా లెక్కన చెప్పింది. కార్డు దగ్గర రెండు బిందెలు ఉంటాయి. వాటినే బఫర్ అంటారు. గొంతు నల్లా నీళ్లలా ఒక బిందెలో పడుతూ ఉంటుంది. బిందె నిండగానే కార్డు కేక వేస్తుంది, ఆ కేకను ఇంటరప్ట్ అంటారు. ప్రోగ్రాం ఏ పనిలో ఉన్నా వదిలేసి ఉరికి వచ్చి ఆ బిందె ఎత్తుకుపోవాలి. అంతలో రెండోది నిండుతూ ఉంటుంది. పెద్ద బిందె పెడితే నిండడానికి సేపు పడుతుంది, అందుకే గొంతు ఆలస్యంగా వస్తుంది. చిన్న చెంబు పెడితే వెంటనే వస్తుంది, కానీ క్షణం తీరిక లేకుండా కేకలు వేస్తూనే ఉంటుంది. ఎత్తడం కొంచెం ఆలస్యమైతే నీళ్లు నేలపాలు.

ఇది నాకు బాగానే అర్థమైనట్టు అనిపించింది. అనిపించడమే. ఎందుకంటే వదిలేసిన వరుస రాసి మళ్లీ నడిపినప్పుడు, పెద్ద బిందెతో, నా గొంతు నాకు ఒక్క క్షణం వెనక వినిపించింది. నేను రోజూ హారన్లలో నా గొంతు వెనక నుంచి వినేదాన్నే. దూరంగా కట్టిన హారన్ మాట ఆలస్యంగా వస్తుంది. దాన్ని పట్టించుకోకుండా మాట్లాడడం మా పనిలో మొదట నేర్చుకునేది. కానీ చెవికి అతుక్కుని, ఇంకెవరో నన్ను వెక్కిరిస్తున్నట్టు వస్తే అది వేరు. "సిద్దిపేట పట్టణ ప్రజలకు" అని మొదలుపెట్టాను. "సిద్ది... దిపే... పేట" అయింది. నాలుక మందమైంది. తాగినదానిలా సాగదీశాను. వేలసార్లు అన్న మాట నా నోట్లో రాలేదు.

అప్పుడే మా ఆయన పైకి వచ్చాడు. హెడ్‌ఫోన్‌లో గుయ్యిమని మోత వస్తోందని మేడమే పిలిచింది, ఎర్తింగ్ చూడమని. గుమ్మంలో నిలబడి నా అవస్థ అంతా విన్నాడు. నేను హెడ్‌ఫోన్ తీసేసరికి ఆయన గోడకు ఆనుకుని, భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

"గి... గి... గిప్పుడు ఎరుకైందా?" అన్నాడు.

నాకు కోపం రావాలి. రాలేదు. ఇరవై ఏండ్లు కాపురం చేసి ఆయన గొంతులో ఏం జరుగుతుందో ఆ రోజే కొంచెం తెలిసినట్టయింది.

ఆయన ఎర్తింగ్ కోసం కింద నేలలో పాతిన ఇనుప కడ్డీ నుంచి ఒక వైరు లాగి కంప్యూటర్ వెనక బిగించాడు. మోత పోయిందో లేదో చూడడానికి హెడ్‌ఫోన్ తానే పెట్టుకున్నాడు. అలవాటుగా మైక్ మీద వేలితో తట్టాడు.

"తడితే తెలువది అన్నా, మాట్లాడాలె" అంది మేడం. ఆమె మా ఇంటికి వచ్చి సంవత్సరం కాలేదు. ఆయన మాట్లాడడు అని తెలుసు కానీ ఎంత మాట్లాడలేడో తెలియదు.

ఆయన నా వైపు చూశాడు. నేను వద్దని చెయ్యి ఊపబోయాను. ఈలోపే ఆయన అన్నాడు, "మోత పోయింది. ఈ వైరు మాత్రం పాతది, రేపు మారుస్తా."

మాట నెమ్మదిగా వచ్చింది, కొంచెం లాగినట్టు, గుడిసె కప్పు మీద గడ్డి పరుస్తున్నట్టు ఒకదాని పక్కన ఒకటి. కానీ ఒక్క చోట కూడా ఆగలేదు. ఆయనే బెదిరిపోయి హెడ్‌ఫోన్ తీసి, దాని లోపలికి చూశాడు.

"మళ్ల పెట్టుకో" అన్నాను.

"ఎం... ఎం... ఎందుకు?"

"పెట్టుకొని మాట్లాడయ్యా, నీ కాళ్లు మొక్కుతా."

పెట్టుకున్నాడు. "ఏం మాట్లాడాలె? ఏందీ గమ్మతు? నా గొంతు నా ఎనకాల వస్తున్నది" అన్నాడు, ఎక్కడా తట్టుకోకుండా.

మేడంను అడిగాను, ఎందుకిట్లా అని. నన్ను తడబడేలా చేసిన ఆలస్యమే ఆయనను ఎలా సాఫు చేసింది? మేడం పుస్తకాలన్నీ తిప్పింది. సౌండ్ కార్డ్ పుస్తకంలో గొంతు గురించి ఉంది కానీ మనిషి గురించి లేదు. "నాకు సమజైతలేదు అక్కా" అంది. చదువుకున్న మనిషి అలా అంటే నాకు ధైర్యం రావాలా, భయం వేయాలా అన్నదీ తెలియలేదు.

మా ఆయన రోజూ పైకి రావడం మొదలుపెట్టాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని పేపరు పైకి చదివేవాడు. ధరలు, చావులు, ఎవరో మంత్రి పర్యటన, ఏది ఉంటే అది. నేను మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. నా మనసులో ఒకటే తిరిగేది. ఇలాగే ఒక ఆదివారం చర్చిలో కూడా చదివినట్టు చెప్పేస్తే, ఆ మొక్కు తీరిపోతుంది, ఆయన గుమ్మం బయటి నుంచి లోపలికి వస్తాడు.

కానీ మేడం పని వేరే దారిలో పోతోంది. ఆమెకు ఆలస్యం పోవాలి. బిందెను చిన్నది చేస్తూ పోయాం. చిన్నది చేసినకొద్దీ చెవిలో టిక్కు టిక్కుమని గింజలు పేలుతున్నట్టు చప్పుడు. నీళ్లు నేలపాలు అవుతున్నాయన్నమాట. ప్రోగ్రాం సమయానికి రావడం లేదు. ఎందుకు రావడం లేదో వెతకడానికి చాలా రోజులు పట్టింది. కారణం నేనే కోరుకున్నది. కార్డు పిలుస్తుంది అంటే నాకు నమ్మకం కుదరక, "పిలిచిన ప్రతిసారి తెర మీద ఒక చుక్క కనపడేటట్టు చేయి మేడం, చూస్తా" అని అడిగాను. నా కోసం ఆమె ఆ వరుస పెట్టించింది. చుక్కలు వరుసగా పడుతుంటే ముగ్గు వేస్తున్నట్టు ముచ్చటగా ఉండేది. ఆ చుక్క పెట్టడానికి పట్టే సమయంలోనే బిందె పొంగిపోతోంది.

"తీసెయ్ అక్కా" అంది మేడం.

"తీసేస్తే పిలుస్తున్నదని ఎట్ల తెలుస్తది?"

"గొంతు వస్తే పిలిచినట్టే."

తీసేశాను. తెర నల్లగా, ఖాళీగా ఉంది. హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాతో పాటే, నా నోట్లోంచే వస్తున్నట్టు వచ్చింది. టిక్కులు లేవు. "సిద్దిపేట పట్టణ ప్రజలకు" అన్నాను, గలగలా వచ్చింది. మేడం ఎడమ చేత్తోనే నన్ను కౌగిలించుకుంది. వేరే చేతులతో రాయించినా, ఇన్ని నెలల తర్వాత ఆమె డ్రైవర్ పరుగెత్తింది. నేనూ ఎగిరి గంతేశాను.

సాయంత్రం మా ఆయన పేపరు పట్టుకుని వచ్చాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు. మెడ నరాలు లేచాయి.

ఆ చూపు నేను మరిచిపోలేదు. కోపం కాదు. ఎవరో తన వస్తువు ఒకటి అడగకుండా తీసుకుపోతే, ఎవరిని అడగాలో తెలియని చూపు. పేపరు మడత పెట్టి, మెట్లు దిగిపోయాడు.

"మళ్ల పాడు చేద్దాం మేడం" అన్నాను.

"ఏంది?"

"గా డ్రైవరు. పాతదాని లెక్క చేద్దాం. పెద్ద బిందె పెడదాం."

మేడం పకపకా నవ్వి, నా ముఖం చూసి ఆపింది. తర్వాత ఆలోచించి చెప్పింది. పాడు చేయనక్కరలేదు. నెమ్మది డ్రైవర్ ఇచ్చే ఆలస్యం మన చేతిలో ఉండదు, అదెంత ఇస్తే అంతే. వేగంగా ఉన్నది చేతిలో ఉంటే, మధ్యలో మనకు కావాల్సినంత ఆలస్యం మనమే కలపవచ్చు. వచ్చిన గొంతును ఒక వరుసలో నిలబెట్టి, ఎంత వెనక ఉన్నదాన్ని వినిపించాలో మనం చెప్పాలి. కీబోర్డు మీద ప్లస్ కొడితే ఆలస్యం పెరుగుతుంది, మైనస్ కొడితే తగ్గుతుంది.

అంటే ఆలస్యం కావాలంటే ముందు ఆలస్యాన్ని పూర్తిగా పోగొట్టాలి. ఇది నా బుర్రకు ఎక్కడానికి చాలా సేపు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా ఎక్కిందని చెప్పను. కానీ ఆ వరుసలు నేనే కొట్టాను, ఎక్కువ భాగం మేడం చెప్పక ముందే. మీసాలు ఎక్కడ తెరిచి ఎక్కడ మూయాలో అప్పటికి చేతికి తెలిసిపోయింది.

ఆయనను బతిమాలి మళ్లీ కూర్చోబెట్టాను. ఆయన చదువుతుంటే నేను ప్లస్, మైనస్ కొడుతూ ఆయన మెడ వైపు చూసేదాన్ని. ఎక్కువైతే మాట సాగిపోయి నిద్రలోకి జారేది. తక్కువైతే నరాలు లేచేవి. మధ్యలో ఒక చోట మెడ నున్నగా ఉండేది. ఆ చోటు కూడా రోజూ ఒకే దగ్గర ఉండేది కాదు. ఎందుకు కదులుతుందో మేడంకు కూడా తెలియలేదు.

చివరికి ఆయనే పాస్టరయ్య ఇంటికి పోయి, మాటలతో కాక సైగతో, వచ్చే ఆదివారం అని చెప్పివచ్చాడు.

కంప్యూటర్‌ను బొంతలో చుట్టి ఆటోలో చర్చికి తీసుకుపోయాం. మేడం హిందువుల పిల్ల, అయినా తన సామానుతో పాటు వచ్చింది. బల్ల మీద తెర పెట్టేసరికి ముందు వరుసలో ఆడవాళ్లు గుసగుసలు.

"సినిమా ఏస్తరా ఏందే?"

"దేవుని సినిమానే అయ్యుంటది."

పాస్టరయ్యకు నచ్చలేదు. "ఆరాధనల గీ టీవీ ఎందుకమ్మా?"

"టీవీ కాదయ్యగారూ. మాట్లాడనీకి."

"దేవుడు మాట ఇయ్యడా?"

"ఇస్తడయ్యగారూ. ఇది... ఇది ఊతకర్ర లెక్క అనుకోండి." సరైన మాట అదో కాదో నాకు తెలియదు, కానీ ఆయన సరేనన్నాడు.

మా ఆయన గుమ్మం బయటి నుంచి ముందుకు నడిచి వచ్చాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. మైక్ వైరు ఒకటి కంప్యూటర్‌కు, ఇంకొకటి చర్చి స్పీకర్లకు. అందరికీ మాట వెంటనే వినిపిస్తుంది, ఆయన ఒక్కడికే వెనక వినిపిస్తుంది. నా వేలు ప్లస్ మీద ఉంది.

"అందరికీ వందనాలు" అన్నాడు.

చర్చి మొత్తం ఉలిక్కిపడింది. పుట్టినప్పటి నుంచి ఆయనను చూసిన ముసలవ్వ ఒకామె లేచి నిలబడింది. ఆయన చెప్పుకుంటూ పోయాడు. పెండ్లివారు పిలిచిన సంగతి, పైన కరెంటు బంద్ చేశారని అనుకున్న సంగతి, నిచ్చెన ఎక్కిన సంగతి. నెమ్మదిగా, ఎత్తుపల్లాలు లేకుండా, పేపరు చదివినట్టే. నా కండ్లలో నీళ్లు వస్తున్నాయి కానీ తుడుచుకోలేదు, వేలు తీస్తే ఏమవుతుందో అని.

"అప్పుడు నా చెయ్యి వైరు మీద పడ్డది" అన్నాడు. ఆగాడు.

నేను తెర చూశాను. అంతా సరిగ్గా ఉంది. వైరు చూశాను, ఊడలేదు. మేడం నా వైపు చూసింది. నేను ఒక ప్లస్ కొట్టాను. తలెత్తి చూసేసరికి ఆయన రెండు చేతులతో హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెడుతున్నాడు.

"ఏమైందయ్యా?" అన్నాను, స్పీకర్లలో వినిపించేంత గట్టిగా.

ఆయన నా వైపు చూడలేదు. "నా... నా... నా..." అన్నాడు. గొంతు బిగిసింది. కండ్లు మూసుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి. "నా చె... చె..."

ఆ తర్వాత ఎంతసేపు పట్టిందో చెప్పలేను. పిల్లలు బయటికి ఉరికారు. ఎవరో దగ్గారు. పాస్టరయ్య గోడ గడియారం చూసి, చూడనట్టు తల దించుకున్నాడు. ఒకచోట మాట ఎంతకీ కదలకపోతే, లేచి నిలబడ్డ ముసలవ్వే అంది, "నిమ్మళంగ చెప్పు బిడ్డా. అన్నం ఇంట్లనే ఉంటది, యాడికి పోదు."

జనం నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నవ్వు సందులోంచి ఒక మాట జారిపడింది, దాని వెనక ఇంకొకటి. కింద పడుతున్నప్పుడు తనకు ఏమీ వినపడలేదని చెప్పాడు. పెండ్లి బాజా కూడా. కింద పడ్డాక మొదట వినపడింది తన మూలుగేనని, అది విని తాను బతికి ఉన్నట్టు తెలిసిందని చెప్పాడు. అది నాకూ ఎన్నడూ చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పాడు, ప్రతి ముక్క కోసం కొట్లాడి. చివర "ఆమెన్" మాత్రం అందరూ కలిసి అనేశారు, ఆయనకు ఆ ఒక్కటి మిగల్చకుండా.

ఇంటికి వచ్చాక కంప్యూటర్ పైకి చేర్చి, అన్నం పెట్టి అడిగాను. "పని చేస్తుండె గద. మెడ కూడ మంచిగుండె. ఎందుకు తీసినవ్?"

ఆయన అన్నం కలుపుతూ చెప్పాడు. ఆయన నత్తిని ఇక్కడ రాయను, ఎందుకంటే ఆ రోజు నేను దాన్ని వినలేదు. "గా హెడ్‌ఫోన్ల ఎవడో వేరేటోడు చెప్తున్నట్టుండె. నా ఎనకాల నిలబడి. పడ్డది నేను గద."

"మరి గిన్ని రోజులు నేను, మేడం కూసొని చేసిందంత దేనికి?"

"మీరు చేసింది లేకుంటే లేచి నిలబడకపోదును" అన్నాడు.

అంటే కావాలా, వద్దా? మంచిదా, చెడ్డదా? నేను మేడంను అడిగాను. ఆమె తన ప్రాజెక్టు కాగితాల్లో ఈ సంగతి ఎక్కడ రాయాలో తెలియక వదిలేసింది. డ్రైవర్ గురించి మాత్రమే రాసింది, ఆలస్యం ఎంత తగ్గిందో. ఆమెకు మంచి మార్కులు వచ్చాయి.

నేను ఇంకా తికమకలోనే ఉన్నాను. ఎందుకంటే తర్వాత వారం సాయంత్రం పైకి పోతే మా ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. ప్లస్ తానే కొట్టుకున్నాడు. పేపరు తెరిచి, ఎక్కడో పడ్డ వాన గురించి గడగడా చదువుతున్నాడు.

"ఇప్పుడు వేరేటోని లెక్క లేదా?" అన్నాను గుమ్మంలోంచి.

ఆయన చదవడం ఆపి, హెడ్‌ఫోన్ తీయకుండానే, తన వెనక వచ్చే గొంతు పూర్తయ్యేదాకా ఆగి చెప్పాడు.

"ఉన్నది. పేపర్ల రాసింది నా ముచ్చట కాదు గద, వాడు చెప్తే ఏమాయె?"